కర్నూల్లో తాజా కూరగాయలు: మిద్దె తోటా, రైతు బజారా, తెలిసిన రైతా?

కర్నూలు చుట్టూ పంటలకేం కొదవ లేదు. కేసీ కెనాల్ కింద వరి, పత్తికొండ, ఆస్పరి పక్క టమాటా, ఊళ్ళోనే పెద్ద ఎర్రగడ్డల మార్కెట్. అయినా వీధిలోకి వచ్చే బండి మీద చూస్తే ఉర్లగడ్డ (బంగాళాదుంప) ఉత్తరాది నుంచి, క్యారెట్, బీట్‌రూట్ బెంగళూరు పక్క నుంచి వచ్చినవే ఉంటాయి. దగ్గర్లో పండిందే కొనాలని ఎంత అనుకున్నా, అది ఎక్కడ దొరుకుతుందో, దొరికింది నిజంగా ఇక్కడిదేనా అన్న అనుమానం మాత్రం పోదు.

చాలామంది ఒక్క దారి పట్టుకుని మొత్తం కూరగాయలు అక్కడే కొనాలనుకుంటారు. మిద్దె తోట పెట్టి సంచి పట్టడమే మానేద్దామనుకునేవాళ్ళున్నారు. ఆర్గానిక్ బోర్డు ఉన్న కొట్టుకు తప్ప ఇంకోచోటికి వెళ్ళనివాళ్ళూ ఉన్నారు. నేను చెప్పేది వేరు. కొట్టును ఎంచుకోకండి, కూరను బట్టి కొట్టు మార్చండి. ఎంత తొందరగా వాడిపోయే సరుకైతే అంత దగ్గర నుంచి తెచ్చుకోవాలి. నిలవ ఉండేది ఎంత దూరం నుంచి వచ్చినా పెద్ద నష్టం లేదు.

ముందు ఇంటి లెక్క

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2024లో ఇచ్చిన ఆహార సూచనల ప్రకారం, పెద్దవాళ్ళు రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు తినాలి. నలుగురున్న ఇంటికి రోజుకు కిలోన్నర పైనే, నెలకు 48 కిలోలు. మనలో చాలామంది అంత తినడం లేదన్నది వేరే సంగతి. కానీ ఈ అంకె ముందు పెట్టుకుంటేనే మిద్దె తోట ఎంతవరకు ఆదుకుంటుందో, వారానికోసారి వచ్చే ఆర్గానిక్ బాక్స్ ఎన్ని రోజులకు సరిపోతుందో తెలుస్తుంది.

ఏ దారినైనా నాలుగు విషయాల మీద తూకం వేయండి.

కోసి ఎన్ని గంటలైంది అన్నది మొదటిది. మందుల సంగతి ఎవరు చెప్తున్నారు, వాళ్ళ మాట నమ్మదగిందేనా అన్నది రెండోది. మూడోది నెల మొత్తం మీద ఖర్చు. ఇందులో పారేసే సరుకు, ఆటో చార్జీ, మీ టైమ్ కూడా వస్తాయి. నాలుగోది మన సీమకే ప్రత్యేకం. ఏప్రిల్, మే నెలల్లో 43, 44 డిగ్రీల ఎండలో కూడా ఆ దారి నడుస్తుందా? జనవరిలో అన్నీ బాగానే ఉంటాయి.

ఇంకోమాట ముందే చెప్పేస్తే మంచిది. దగ్గర్లో పండినంత మాత్రాన మందులు కొట్టలేదని కాదు. పది కిలోమీటర్ల దూరంలో పండిన వంకాయకు కూడా కాయతొలుచు పురుగు వస్తుంది, దానికీ వారం వారం మందు కొట్టేవాళ్ళున్నారు. ఈ రెండింటినీ కలిపేసుకుంటే ఏ ఎంపికా సరిగ్గా కుదరదు.

మిద్దె తోట

దీన్ని ఆకుకూరల కోసం పెట్టుకోండి. టమాటా బస్తాల కోసం పెట్టుకోకండి.

తోటకూర, మెంతికూర లాంటివి విత్తిన నెలలోపే కోతకొస్తాయి. గోంగూర, బచ్చలి కోసేకొద్దీ చిగురేస్తాయి. కరివేపాకు, పుదీన ఒకసారి కుదురుకుంటే ఏళ్ళ తరబడి ఉంటాయి. పొద్దున కోసి పొద్దునే పప్పులో వేసుకోవచ్చు. మందు కొట్టారా లేదా అన్న టెన్షన్ లేదు, ఎందుకంటే కొట్టేదీ మీరే, మానేదీ మీరే. ఈ రెండు విషయాల్లో మిద్దె తోటకు సాటొచ్చే దారి ఇంకోటి లేదు.

టమాటా, వంకాయ లాంటి కాయల దగ్గరే లెక్క తారుమారవుతుంది. పగటి వేడి 35 డిగ్రీలు దాటిందంటే టమాటా పూత నిలబడదు, రాలిపోతుంది. మార్చి నుంచి జూన్ దాకా మనకు ఆ వేడి తప్పదు. చలికాలంలో కాసిన నాలుగు కాయలు చూసి మురిసిపోయి, మార్చిలో ఇంకో ఇరవై బ్యాగులు కొని, మేలో ఎండిన మొక్కల్ని పీకేసే ఇళ్ళు మన కాలనీల్లో బోలెడు. వేసవిలో ఓర్చుకునేవి వేరే ఉన్నాయి. మటిక్కాయ (గోరుచిక్కుడు), బెండ, దొండ, గోంగూర, తోటకూర, మునగ. వీటికి కూడా మధ్యాహ్నం ఎండ తగ్గించే 50 శాతం షేడ్ నెట్, పొద్దున సాయంత్రం రెండుపూటలా నీళ్ళు కావాలి. మొదళ్ళలో చెనిక్కాయ (వేరుశనగ) పొట్టు మందంగా పరిస్తే తేమ తొందరగా ఆరిపోదు. మన పక్క అది చవగ్గానే దొరుకుతుంది.

నీళ్ళ సంగతి ముందే చూసుకోవాలి. కుళాయి రోజు మార్చి రోజు వచ్చే వీధిలో, వేసవిలో ముప్పై బ్యాగులకు నీళ్ళంటే ఇంట్లో గొడవే. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ఆకుల అంచులు మాడతాయి, బ్యాగు పైన తెల్లటి పొర కడుతుంది. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్ళు వృథా అవుతున్నాయని మొక్కలకు పోసేవాళ్ళున్నారు. ఆ నీళ్ళలో ఉప్పు ఇంకా చిక్కబడి ఉంటుంది, బండలు కడగడానికి వాడుకోండి. అనంతపురం వాళ్ళకు ఈ జాగ్రత్త రెండింతలు అవసరం. అక్కడ వానా తక్కువే, చాలాచోట్ల బోరు నీళ్ళూ మంచివి కావు.

ఇక బరువు. పదిహేను అంగుళాల గ్రో బ్యాగులో నలభై లీటర్ల పైన మట్టి పడుతుంది. ఉత్త ఎర్రమట్టి నింపి తడిపితే ఒక్కోటి 70 కిలోల దాకా తూగుతుంది. మనుషులు ఎక్కి తిరిగే మిద్దెకు, భారత ప్రమాణాల్లో చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువు లెక్కలోకి తీసుకుంటారు. అంటే చదరపు మీటరుకు రెండు బ్యాగులు పెడితే ఆ హద్దు దాదాపు నిండినట్టే. కాబట్టి మట్టి మూడోవంతుకు మించకుండా, మిగతా భాగం బాగా చివికిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టుతో నింపండి. బ్యాగుల్ని మిద్దె నడిమధ్యన గుమికూర్చకుండా, కింద గోడలూ దూలాలూ ఉన్న వరసలో పెట్టండి. పాత బండల మిద్దె, సున్నం మిద్దె అయితే ఇంజనీరుకు చూపించకుండా మొదలుపెట్టొద్దు. అద్దె ఇంట్లో ఉండేవాళ్ళు ఓనరును అడగాలి. ఓనరమ్మకు నాలుగు కట్టల గోంగూర ఇస్తే సగం పని అయిపోతుంది.

రైతు బజార్

ఉమ్మడి రాష్ట్రంలో 1999 జనవరి 26న రైతు బజార్లు మొదలయ్యాయి. మధ్యలో దళారీ లేకుండా రైతే వచ్చి అమ్ముకోవాలన్నది ఉద్దేశం. రోజూ రేట్ల బోర్డు పెడతారు. ఆ రేటు మామూలుగా హోల్‌సేల్‌కు కాస్త పైన, బయట బండ్ల రేటుకు కింద ఉంటుంది. కర్నూల్లో సి.క్యాంప్ రైతు బజార్ అందరికీ తెలిసిందే, అనంతపురం, కడపల్లోనూ ఉన్నాయి.

ధర విషయంలో దీనికి పోటీ లేదు. కరువు రోజుల్లో తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 2023 వేసవి చివర్లో టమాటా కిలో వంద దాటి పరుగెత్తినప్పుడు, రాష్ట్ర ప్రభుత్వం కొనుగోలు చేసి రైతు బజార్లలో 50 రూపాయలకు అమ్మించింది. క్యూలో నిలబడటం మాత్రం తప్పలేదు. ఇంకో ఏడాది అదే టమాటా పత్తికొండ మార్కెట్లో కిలో రూపాయి, రెండు రూపాయలకు పడిపోతే రైతులు రోడ్డు పక్క పారబోసిపోతారు. వినియోగదారుడికి, రైతుకు మధ్య ఎంత దూరముందో చెప్పడానికి ఈ ఒక్క కాయ చాలు.

అయితే బజారులో ఉన్నవన్నీ రైతు తెచ్చినవే అనుకోవద్దు. ఉర్లగడ్డ, క్యారెట్, క్యాబేజీ లాంటివి ఇక్కడ చాలినంత పండవు కాబట్టి హోల్‌సేల్‌లో తెచ్చి అమ్మే స్టాళ్ళూ అక్కడే ఉంటాయి. వాటిలో తప్పేం లేదు, రేటు న్యాయంగానే ఉంటుంది. కానీ మీరు వెతికేది దగ్గరి పంటైతే గుర్తుపట్టడం నేర్చుకోవాలి. ఒకే మనిషి ముందు పది రకాల కూరలు నిగనిగలాడుతూ ఉంటే అవి కొనుక్కొచ్చినవి. రెండు మూడు రకాలే, అవీ ఎగుడుదిగుడుగా, చిన్నా పెద్దా కలిసి ఉంటే ఆ మనిషి చేనులోవి అయ్యుండొచ్చు. అడగడానికి మొహమాటపడకండి.

"అక్కా, ఇవి యాడివి?"

"మావే నాయనా. నిన్న సాయంత్రం కోసినాము, పొద్దున ఆటోలో ఏసుకొచ్చినాము."

ఏ ఊరు, ఎన్ని సెంట్లలో వేశారు, ఇంకెన్ని కోతలున్నాయి అని రెండో ప్రశ్న అడిగితే పండించిన మనిషి తడుముకోకుండా చెప్తుంది. కొనుక్కొచ్చిన మనిషి మాట మారుస్తుంది.

తాజాదనం చేతికే తెలుస్తుంది. ఆకుకూర కట్ట మీద నీళ్ళు చల్లి మెరిపించడం తేలిక. అందుకే కట్ట నడుమ వేలు దూర్చి చూడండి. లోపల వెచ్చగా, జిగటగా తగిలితే అది నిన్నటిదో మొన్నటిదో. ఇప్పటిదైతే లోపల కూడా చల్లగా ఉంటుంది. మటిక్కాయ విరిస్తే టప్పుమనాలి, వంగిపోకూడదు. వంకాయ తొడిమ పచ్చగా ఉండి దాని ముళ్ళు వేలికి గుచ్చుకోవాలి. బెండకాయ కొన చిటికెతో తెగాలి. ఇక, వంకాయలో పురుగుంటే మందు కొట్టలేదని సంబరపడేవాళ్ళున్నారు. పురుగు కాయ లోపలికి వెళ్ళాక ఎంత మందు కొట్టినా దాన్ని తాకదు, కాయకు మాత్రం అంటుతుంది. పురుగున్నంత మాత్రాన మందు లేనట్టు కాదు.

పొద్దున్నే వెళ్తే ఏరుకోవచ్చు. రైతులు తిరుగుప్రయాణానికి సర్దుకునే వేళ వెళ్తే బేరం కుదురుతుంది. రెండూ ఒకేసారి దొరకవు.

వీధిలోకి వచ్చే గంపలు, బండ్లు

గంపెత్తుకుని ఆకుకూరలు తెచ్చే ఆమె చాలా వీధుల్లో ఉంటుంది. రోజూ వచ్చే మనిషి కాబట్టి నిన్నటి సరుకు ఇచ్చి తప్పించుకోలేదు. రైతు బజార్‌కు వెళ్ళలేని వృద్ధులకు, పొద్దున్నే డ్యూటీకి పరుగెత్తేవాళ్ళకు ఆకుకూరల వరకు ఇదే మంచి దారి. రేటు నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇంటి గుమ్మం దాకా తెచ్చిన కష్టం అందులో ఉంది.

ఒక్క ప్రశ్న మాత్రం తప్పకుండా వేయాలి. మడి ఎక్కడ, నీళ్ళు ఎక్కడివి? ఏ పట్నంలోనైనా మురుగు కాలువల వెంబడి పచ్చగా ఆకుకూర మడులు కనబడతాయి. ఆ నీళ్ళతో పెరిగింది ఎంత తాజాగా ఉన్నా, కొత్తిమీర లాగా పచ్చిగా చల్లుకునేవాటికి పనికిరాదు. బోరు కిందో కాలువ కిందో పండించేవాళ్ళు ఆ మాట దాచరు.

మామూలు బండ్లలో ఎక్కువ సరుకు హోల్‌సేల్ మార్కెట్ నుంచే వస్తుంది. సౌకర్యం కోసం కొనండి, దగ్గరి పంట అనుకుని కొనొద్దు.

ప్రకృతి వ్యవసాయం పేరుతో అమ్మేవి

రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయం, అంటే రసాయన ఎరువులు, మందులు లేని సేద్యం, కార్యక్రమం నడుస్తోంది. మన జిల్లాల్లోనూ ఈ పద్ధతికి మారిన రైతులున్నారు. వాళ్ళ కూరగాయలు స్టాళ్ళలో, వాట్సాప్ గ్రూపుల్లో, వారానికోసారి బాక్సుల రూపంలో దొరుకుతున్నాయి. రేటు ఎక్కువే ఉంటుంది, రకాలు తక్కువ. ఏ వారం ఏం వస్తుందో మీ చేతిలో ఉండదు. వారమంతా సొరకాయే వస్తే సొరకాయతోనే సర్దుకోవాలి.

పిల్లలున్న ఇళ్ళకు, గర్భిణులకు ఇక్కడ ఖర్చు పెట్టమని నేను చెప్తాను, కానీ అన్నింటికీ కాదు. వంకాయ, బెండ, పచ్చిమిరప, కాలీఫ్లవర్ లాంటివాటికి మామూలుగా మందు ఎక్కువ పడుతుంది. ఎక్కువ డబ్బు వాటి మీద పెట్టండి. సొర, గుమ్మడి, మునక్కాయ, పొట్టు ఒలిచి వాడే ఎర్రగడ్డ మామూలుగా కొన్నా ఫరవాలేదు. ఉప్పునీళ్ళలో నానబెట్టి కడిగితే పైన అంటిన మందు కొంత పోతుంది, లోపలికి ఇంకిపోయిన మందు మాత్రం పోదు.

నమ్మకం ఎలా? ప్యాక్ చేసిన సరుకైతే జైవిక్ భారత్ అనే ఆర్గానిక్ గుర్తు చూడండి. రైతులే గుంపుగా ఒకరి పొలం ఒకరు చూసి ఇచ్చుకునే పీజీఎస్ సర్టిఫికెట్‌లో గ్రీన్ అని ఉంటే ఇంకా మారే దశలో ఉన్న పొలం, ఆర్గానిక్ అని ఉంటే పూర్తిగా మారింది. చిన్న రైతు నేరుగా అమ్ముకునేటప్పుడు సర్టిఫికెట్ లేకపోవడం తప్పేమీ కాదు. అప్పుడు మాటలతోనే తేల్చుకోవాలి. "అన్నా, పురుగొస్తే ఏం కొడతావు?" అని అడగండి. నీమాస్త్రం, దశపర్ణి కషాయం లాంటి ఆకుల మందులు, పుల్ల మజ్జిగ అంటూ, ఎప్పుడు పనిచేసిందో ఎప్పుడు చేయలేదో కూడా చెప్పే రైతును నమ్మొచ్చు. మా చేనుకు పురుగే రాదు అనే మనిషి దగ్గర జాగ్రత్తగా ఉండండి.

ఊళ్ళో తెలిసిన రైతు దగ్గర నేరుగా

నిలవ సరుక్కి దీన్ని మించింది లేదు. మనలో చాలామందికి ఇంకా ఊళ్ళో చుట్టాలో, చిన్ననాటి స్నేహితులో సేద్యం చేస్తూనే ఉన్నారు. అయినా చెనిక్కాయలు సూపర్ మార్కెట్లో పావుకిలో ప్యాకెట్లు కొంటాం.

చెనిక్కాయలు కొత్త పంట వచ్చాక తెచ్చుకోండి, పొట్టుతోనే. బాగా ఆరినవైతే ఊపితే గింజ కదులుతున్న చప్పుడు వినబడుతుంది. సగం ఆరినవి మూట కడితే బూజు పడుతుంది. బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి ఏరి పారేయాల్సిందే. ఆ బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం తయారవుతుంది, వేయించినా పూర్తిగా పోదు.

బియ్యం నంద్యాల పక్క మిల్లులో కొంటే సోనా మసూరి మంచిది దొరుకుతుంది. ఆరు నెలలన్నా దాటిన పాతవి అడగండి, కొత్త బియ్యం ముద్దయిపోతుంది. కొర్రలు, ఆరికలు మాత్రం పొట్టు తీశాక ఎక్కువ రోజులు నిలవుండవు, ముక్కవాసన వస్తాయి. రెండు నెలలకు సరిపడా చాలు. చిరుధాన్యాల కోసం తెలిసిన రైతు లేనివాళ్ళకు, 1990 నుంచి చెన్నేకొత్తపల్లి దగ్గర పనిచేస్తున్న తింబక్తు కలెక్టివ్ లాంటి సంస్థల వెనకున్న రైతు సహకార సంఘాల సరుకు ఒక దారి.

ఎర్రగడ్డ దగ్గర మాత్రం తొందరపడొద్దు. కర్నూలు ఎర్రగడ్డ ఎక్కువగా ఖరీఫ్ పంట. అందులో తేమ ఎక్కువ, నాలుగు నెలలు దాచుకుందామంటే కుళ్ళిపోతుంది. ఇంటి ముందరి పంటే కదా అని రెండు బస్తాలు దించుకోకుండా, నెలకు సరిపడా కొని గాలి తగిలేలా పరుచుకోండి. దాచుకోవడానికి రబీ పంటే మేలు, అది మహారాష్ట్ర నుంచి వచ్చిందైనా సరే.

పండ్ల విషయంలో అనంతపురం, కడప వాళ్ళు మనకంటే అదృష్టవంతులు. అనంతపురం చుట్టూ చీనీ (బత్తాయి), దానిమ్మ, పులివెందుల పక్క అరటి, చీనీ. నలుగురు కలిసి తోట దగ్గరే బాక్స్ కొనుక్కుంటే బజారు రేటుకు బాగా తక్కువకు వస్తుంది.

యాప్‌లు, సూపర్ మార్కెట్లు

రాత్రి పదింటికి ఇంట్లో పచ్చిమిరపకాయ లేదని తెలిసినప్పుడు పనికొస్తాయి. ఎక్కడ పండిందో, ఎప్పుడు కోశారో చెప్పరు కాబట్టి ఈ పోలికలో వీటికి ఇంతకంటే చోటు లేదు.

ఒక చూపులో

| దారి | తాజాదనం | మందుల మీద నమ్మకం | ఖర్చు | మే నెలలో |
|---|---|---|---|---|
| మిద్దె తోట | కోసిన నిమిషమే | పూర్తిగా మీ చేతిలో | మొదట్లో ఎక్కువ, తర్వాత నీళ్ళు, ఓపిక | కష్టం, కొన్ని రకాలే |
| రైతు బజార్ | అడిగి కొంటే బాగుంటుంది | మామూలే | అన్నింటికంటే తక్కువ | రకాలు తగ్గుతాయి |
| గంపలో ఆకుకూరలు | బాగుంటుంది | నీళ్ళ సంగతి అడగాలి | కాస్త ఎక్కువ | రేటు పెరుగుతుంది |
| ప్రకృతి వ్యవసాయం | బాగుంటుంది | మంచిది, ప్రశ్నలు వేస్తే | ఎక్కువ | సరుకు అంతంత మాత్రం |
| తెలిసిన రైతు | నిలవ సరుక్కి మేలు | మనిషిని బట్టి | టోకున తక్కువ | ముందే తెచ్చుకుంటే ఇబ్బంది లేదు |
| యాప్, సూపర్ మార్కెట్ | తెలియదు | తెలియదు | మారుతూ ఉంటుంది | దొరుకుతుంది |

మరి మీకు ఏది?

ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇల్లైతే ఆదివారం పొద్దున ఒకసారి రైతు బజార్‌కు వెళ్ళి నాలుగు రోజులు ఆగే కాయలు తెచ్చుకోండి. సొర, దోస, కాకర, దొండ, మటిక్కాయ ఆగుతాయి. ఆకుకూరలు మాత్రం ఫ్రిజ్‌లో వారం పెట్టకుండా గంపామె దగ్గర తీసుకోండి. మిద్దె తోట జోలికి వెళ్ళొద్దు, కరివేపాకు, పుదీన కుండీలు చాలు. సెలవులకు నాలుగు రోజులు ఊరెళ్తే మేలో మొక్కలు మిగలవు.

రిటైరైన వాళ్ళకు, ఇంట్లో ఉండే పెద్దవాళ్ళకు మిద్దె తోట బాగా కుదురుతుంది. మోకాళ్ళ నొప్పులుంటే మిద్దె మెట్ల కంటే గేటు పక్క నేల మంచిది. అక్కడ ఒక మునగ, ఒక కరివేప, గోడ మీదకు బచ్చలి తీగ పెట్టుకోండి.

నెల ఖర్చు గట్టిగా లెక్కేసుకోవాల్సిన ఇళ్ళు రైతు బజార్‌కే అంటిపెట్టుకోవాలి, సాయంత్రం సర్దుకునే వేళకు వెళ్ళాలి. ఆర్గానిక్ కొనలేకపోతున్నామని బాధపడాల్సిన పని లేదు. మామూలు కూరగాయలు బాగా కడుక్కుని కడుపునిండా తినడం, ఖరీదైనవి కొని సగమే తినడం కంటే ఒంటికి మంచిది.

హాస్టల్లో, రూములో ఉండి వండుకునే పిల్లలు చెనిక్కాయలు, బియ్యం ఊరి నుంచి తెచ్చుకుని, కూరగాయలు ఇద్దరు ముగ్గురు కలిసి బజారులో కొనుక్కుంటే సరిపోతుంది.

మిద్దె తోట మొదలుపెట్టాలని మనసులో ఉంటే మార్చి, ఏప్రిల్‌లో బ్యాగులు కొనకండి. జూన్‌లో మొదటి వానలు పడ్డాక గోంగూర, తోటకూరలతో ఐదారు బ్యాగులు పెట్టండి. అవి అక్టోబరు దాకా మీ చేతిలో నిలిస్తే, చలికాలానికి పాలకూర, కొత్తిమీర, నాలుగు టమాటా మొక్కలు చేర్చుకోవచ్చు. షేడ్ నెట్ కొనాలా వద్దా అన్నది ఫిబ్రవరిలో చూసుకుందాం.